సురభి కమలాబాయి: డేరా నుంచి టాకీ దాకా

(యానాంలో చేసిన స్మారకోపన్యాసం పాఠం)



సురభి కమలాబాయి పేరు వినగానే మన నోటికి వచ్చే మాట ఒకటే: తొలి తెలుగు టాకీ కథానాయిక. పోటీ పరీక్షల పుస్తకాల్లో ఆమె అంతవరకే ఉంటారు. ఒక ప్రశ్న, ఒక జవాబు, ఒక మార్కు. ఆ జవాబు సరైనదే. అయినా ఆమె పేరు మీద జరిగే సభలో కూడా దాని దగ్గరే ఆగిపోతే ఆమెకు అన్యాయం చేసినవాళ్ళమవుతాం. "భక్త ప్రహ్లాద" కోసం బొంబాయిలో కెమెరా ముందు నిలబడేనాటికి ఆమెకు దాదాపు పాతికేళ్ళు. రంగస్థలంతో ఆమె పరిచయమూ దాదాపు అంతే. సినిమా వచ్చి ఆమెను నటిని చెయ్యలేదు. అప్పటికే సిద్ధంగా ఉన్న నటిని పిలుచుకుపోయి సినిమా తీసుకున్నారు. ఆమెను సిద్ధం చేసింది ఒక కుటుంబం, ముఖ్యంగా ఆ కుటుంబంలోని ఆడవాళ్ళు. ఈ సాయంత్రం నేను మాట్లాడదలుచుకున్నది వాళ్ళ శ్రమ గురించి, ఆ శ్రమలోంచి వచ్చిన కమలాబాయి గురించి.

సురభి కథ చాలామందికి తెలిసిందే కనుక క్లుప్తంగా చెబుతాను. మరాఠీ మూలాలున్న తోలుబొమ్మలాట కుటుంబాలు తరాలుగా రాయలసీమ పల్లెల్లో తిరుగుతూ బతికేవి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్ళి సందర్భంగా వనారస గోవిందరావు, ఆయన బంధువులు బొమ్మల్ని పక్కన పెట్టి తామే వేషాలు కట్టి "కీచక వధ" ఆడారు. ఆ ఊరి పేరే కంపెనీ పేరైంది. తరవాత తరవాత కుటుంబాలు పెరిగాయి, కొమ్మలు చీలాయి. ఒక దశలో సురభి పేరుతో యాభై దాకా సమాజాలు తెలుగు నేలంతా తిరిగాయి. ప్రతి సమాజమూ ఒక కుటుంబమే. అన్న రాజు వేషం వేస్తే వదిన రాణి, మేనల్లుడు హార్మోనియం, మామ తెరలు లాగే మనిషి, పిన్ని పసిబిడ్డ ఆ రాత్రి లోహితాస్యుడు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ రోజుల్లో తెలుగు నాటకంలో ఆడవేషం అంటే మగవాడే. స్థానం నరసింహారావు గారు స్త్రీ పాత్రల్లో ఎంత గొప్ప పేరు తెచ్చుకున్నారో, ఆ గొప్పతనానికి 1956లో పద్మశ్రీ ఎలా వచ్చిందో మనకు తెలుసు. ఆయన ప్రతిభను తక్కువ చేసే మాట నా నోటి నుంచి రాదు. కానీ ఆడవాళ్ళు రంగం ఎక్కగూడదన్న కట్టుబాటు లేకపోతే ఆ వేషాల్లో ఎందరు ఆడవాళ్ళు పేరు తెచ్చుకునేవారో ఆలోచించండి. బళ్ళారి రాఘవ గారు ఈ విషయం పట్టించుకున్నారు. కుటుంబ స్త్రీలు నాటకాల్లోకి రావాలని పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవి లాంటివారిని తనతోపాటు రంగం మీదికి తెచ్చారు. చదువుకున్నవాళ్ళ లోకంలో అది పెద్ద సంస్కరణ. సురభి వారు మాత్రం అంతకు ఎంతో ముందే, సంస్కరణ అన్న పేరు పెట్టకుండానే, తమ ఇంటి ఆడవాళ్ళకు ఆడవేషాలు ఇచ్చారు. దీనికి కారణం బొమ్మలాటలోనే ఉందని నా నమ్మకం. తోలుబొమ్మలాటలో సీతకు, ద్రౌపదికి గొంతు ఇచ్చేది ఆ ఇంటి ఆడవాళ్ళే. తెర వెనక ఉన్న గొంతు తెర ముందుకు వచ్చింది, అంతే. బతుకుతెరువులో ఆడా మగా కలిసే పనిచేసే ఇళ్ళలో ఇలాంటి మార్పులకు ఉపన్యాసాలు అక్కర్లేదు.

అలాంటి ఇంట్లో 1907లో కమలాబాయి పుట్టారు. ఆమె పుట్టుక గురించి నాటకాలవాళ్ళు తరతరాలుగా చెప్పుకొనే కథ మీరూ వినే ఉంటారు. తల్లి వెంకూబాయి నిండు గర్భిణి. దమయంతి వేషంలో రంగం మీద ఉండగా నొప్పులు వచ్చాయట. అక్కడే ప్రసవం. చూస్తున్నవాళ్ళు ఇదీ నాటకంలో భాగమే అనుకున్నారట. అసలు సంగతి తెలిశాక పసిబిడ్డ మీద డబ్బులు కురిపించారట. ఈ కథను అందరూ అద్భుతంగా చెబుతారు. కళామతల్లి ఒడిలోనే పుట్టింది అంటారు, చప్పట్లు కొడతారు.

నాకు ఆ కథలో బిడ్డ కంటే ముందు తల్లి కనిపిస్తుంది. నెలలు నిండిన మనిషి ఆ రాత్రి ఎందుకు రంగం మీద ఉంది? ఆమె బదులు దమయంతి వేషం కట్టడానికి ఇంకొకరు లేకపోవచ్చు. ఉన్నా, టిక్కెట్టు కొన్నవాళ్ళు వెంకూబాయి దమయంతి కోసమే వచ్చి ఉండవచ్చు. ఆ రాత్రి వసూలు లేకపోతే మర్నాడు కంపెనీ మొత్తానికి అన్నం లేకపోవచ్చు. కుటుంబమే కంపెనీ అయినచోట సెలవు అనేది లేదు. పొయ్యి దగ్గర లేని విశ్రాంతి రంగం మీద మాత్రం ఎక్కణ్ణించి వస్తుంది? పురిటి నొప్పులు పడుతూ భర్తృవియోగం అభినయించిన ఆ తల్లి గురించి మనం ఎక్కడా ఒక పేజీ రాసుకోలేదు. కమలాబాయి జీవిత చరిత్ర ఎవరు రాసినా మొదటి అధ్యాయం వెంకూబాయిదే కావాలి.

ఇక ఆ బిడ్డ పెంపకం. సురభి పిల్లలకు నాటకమే బడి. నడక వచ్చీ రాకముందే వేషం. కమలాబాయి చిన్నతనంలో కృష్ణుడు, ప్రహ్లాదుడు, లోహితాస్యుడు వేశారు. పెద్దయ్యాక స్త్రీ పాత్రలతో పాటు పురుష పాత్రలూ వేశారు. పద్యం పెద్దవాళ్ళ నోటి నుంచి చెవికి, చెవి నుంచి నోటికి. అక్షరాలు తరవాత వచ్చినా ఫరవాలేదు, శ్రుతి మాత్రం తప్పకూడదు. మైకులు లేని కాలం. డేరా చివర నేల టిక్కెట్టు మనిషికి సైతం పద్యంలో ప్రతి అక్షరం విడివిడిగా వినపడాలి. అరిస్తే రాగం చెడుతుంది, తగ్గిస్తే మాట పోతుంది. వన్స్‌మోర్ అంటే అదే పద్యం అంతే నిండుగా మళ్ళీ ఎత్తుకోవాలి. పగలంతా తెరలు కుట్టడం, కిరీటాలకు తళుకు కాగితం అంటించడం, వంట, పిల్లలు. రాత్రి తెల్లవారుజాము దాకా నాటకం. ఇల్లు, బడి, పని ఒకే డేరా కింద.

మనం కూచున్న ఈ ఊరి చరిత్రకు, ఆ డేరా కింది ఆడపిల్ల చరిత్రకు ఒక సంబంధం ఉంది. అది చెప్పకుండా యానాంలో ఈ ఉపన్యాసం పూర్తి చెయ్యలేను.

1929లో బ్రిటిషు ఇండియాలో శారదా చట్టం వచ్చింది. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. పధ్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకు పెళ్ళి చెయ్యడం నేరం. యానాం అప్పుడు ఫ్రెంచి వారిది, ఆ చట్టం ఈ గడ్డ మీద చెల్లదు. దాంతో చుట్టుపక్కల జిల్లాల నుంచి పెళ్ళివారు బళ్ళు కట్టుకుని, పడవలెక్కి, మేళతాళాలతో ఇక్కడికి తరలివచ్చేవారు. ఎనిమిదేళ్ళ, పదేళ్ళ పిల్లలకు గౌతమి ఒడ్డున మూడు ముళ్ళు వేయించి తీసుకుపోయేవారు. యానాం పెళ్ళిళ్ళు అన్న పేరు అలా వచ్చిందే. మన పెద్దవాళ్ళు ఈ సంగతి ముచ్చటగా చెబుతారు. ఆ పెళ్ళిపీటల మీద కునికిపాట్లు పడిన పిల్లలను తలుచుకుంటే నాకు ముచ్చటగా ఉండదు.

సరిగ్గా ఆ ఏళ్ళలోనే, మర్యాదస్తులు తమ ఆడపిల్లల్ని చట్టానికి దొరక్కుండా పెళ్ళి చెయ్యడానికి యానాం పొలిమేర దాటిస్తున్న రోజుల్లోనే, అదే మర్యాదస్తులు చిన్నచూపు చూసిన నాటకాల కుటుంబంలోంచి ఒక స్త్రీ తన వృత్తి కోసం బొంబాయి రైలెక్కింది. నాటకాల మనిషి అన్న మాటలో ఎంత తిరస్కారం ఉండేదో పాతతరం వారికి తెలుసు. ఆ మాట పడిన ఇంట్లో ఆడపిల్లకు గొంతు ఉంది, పాత్ర ఉంది, సంపాదన ఉంది, జనంలో పేరు ఉంది. సురభి ఇళ్ళు స్వర్గాలని నేను అనడం లేదు. పేదరికం ఉంది, తెంపులేని చాకిరీ ఉంది, బడి చదువు లేదు. అయినా ఆ రోజుల్లో ఎవరి ఇంటిని చూసి ఎవరు సిగ్గుపడాలో లెక్క తప్పిందని మాత్రం అంటాను.

ఇప్పుడు సినిమా దగ్గరికి వద్దాం. 1931 మార్చి 14న "ఆలం ఆరా" విడుదలైంది. దాన్ని తీసిన ఇంపీరియల్ కంపెనీ అధినేత అర్దేషిర్ ఇరానీ దక్షిణాది భాషల మీద కూడా దృష్టి పెట్టారు. ఆ పని హెచ్.ఎం.రెడ్డి గారి చేతిలో పడింది. ముందు "కాళిదాస్", ఆ వెంటనే పూర్తి తెలుగులో "భక్త ప్రహ్లాద". కథ కోసం ఎక్కడా వెతకనక్కర్లేకపోయింది. ధర్మవరం రామకృష్ణమాచార్యుల ప్రహ్లాద నాటకాన్ని సురభి వారు అప్పటికే ఊరూరా ఆడుతున్నారు. పాటలు చందాల కేశవదాసు గారివి. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు, సింధూరి కృష్ణారావు అనే పిల్లవాడు ప్రహ్లాదుడు, కమలాబాయి లీలావతి. తరవాత అంత పెద్ద దర్శకుడైన ఎల్.వి.ప్రసాద్ గారు అందులో మొద్దబ్బాయి వేషం వేశారు.

ఈ సినిమా 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు అనుకున్నాం, ఉత్సవాలూ చేసుకున్నాం. పాత్రికేయులు రెంటాల జయదేవ గారు పాత పత్రికలు, సెన్సారు వివరాలు తవ్వితీసి, తొలి ప్రదర్శన 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా సినిమా థియేటర్లో జరిగిందని తేల్చారు. ఒక తేదీ కోసం ఇంత శ్రమా అని కొందరు అనవచ్చు. ఆ శ్రమకు నేను దండం పెడతాను. సినిమా ప్రతే మనకు దక్కనప్పుడు కనీసం దాని పుట్టినరోజైనా సరిగ్గా ఉండాలి కదా.

చిత్రీకరణ 18 రోజుల్లో ముగిసిందని చెబుతారు. ఈ అంకె విని ఆశ్చర్యపోతాం, కానీ అదెలా సాధ్యమైందో అడగం. అప్పట్లో నేపథ్యగానం లేదు, డబ్బింగు లేదు. నటి పాడుతుంటే పాట, మాట్లాడుతుంటే మాట, అక్కడికక్కడే పట్టాలి. వాద్యాలవాళ్ళు కెమెరా కంటికి ఆనకుండా పక్కన కూచోవాలి. మైకు ఎక్కడో దాచాలి. ఒక్క గమకం జారితే మొత్తం మళ్ళీ మొదలు, ఫిలిం ఖర్చు మళ్ళీ. సినిమా అంటే ఏమిటో కెమెరా వెనక ఉన్నవాళ్ళే ఇంకా నేర్చుకుంటున్న కాలంలో, తడబడకుండా పాడి, మాట్లాడి, కన్నీరు పెట్టి, మళ్ళీ చెయ్యమంటే మళ్ళీ అలాగే చెయ్యగలిగే మనిషి కావాలి. డేరాలో వన్స్‌మోర్ల మధ్య పెరిగిన కమలాబాయికి అది రోజూ చేసే పనే. ఆ 18 రోజుల పొదుపు కంపెనీ లెక్కల్లోకి వెళ్ళింది. దాని వెనక ఉన్న ఇరవై ఏళ్ళ సాధన ఎవరి లెక్కలోకీ వెళ్ళలేదు.

ఇంకొక సంగతి నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. చిన్నప్పుడు డేరాలో ఆమె ప్రహ్లాదుడు. తెర మీద ప్రహ్లాదుడి తల్లి. విషం పోసిన గిన్నె కొడుకు ముందు పెట్టవలసిన తల్లి వేదన ఎంతటిదో, ఆ కొడుకు స్థానంలో నిలబడి, ఎదురుగా ఏడ్చే లీలావతులను చూస్తూ ఆమె నేర్చుకున్నారు. ఏ నటనాలయంలోనూ దొరకని పాఠం అది. తెలుగు టాకీలో మొదటి ప్రధాన స్త్రీ పాత్ర ప్రియురాలు కాదు, భర్తకూ బిడ్డకూ మధ్య నలిగిన తల్లి. ఆ బరువు మోయడానికి దాదాపు పాతికేళ్ళ కమలాబాయి దొరకడం మన సినిమా అదృష్టం.

ఆ వెంటనే 1932లోనే సాగర్ మూవీటోన్ వారు సర్వోత్తమ్ బాదామి దర్శకత్వంలో తీసిన రెండు సినిమాల్లో ఆమె నాయిక. "పాదుకా పట్టాభిషేకం"లో అద్దంకి శ్రీరామమూర్తి రాముడైతే ఆమె సీత. "శకుంతల"లో యడవల్లి సూర్యనారాయణ దుష్యంతుడైతే ఆమె శకుంతల. ఈ జంటలన్నీ నాటకరంగం నుంచి వచ్చినవే. మొదటి ఐదారేళ్ళ తెలుగు సినిమా అంతా నాటకాల ఇంటి నుంచి ఎరువు తెచ్చుకున్న నగలతోనే పెళ్ళికూతురైంది. తరవాత ఆమె బొంబాయిలో ఉండి హిందీ చిత్రాల్లోనూ నటించారు. మరాఠీ మూలాలున్న ఇంటి మనిషికి ఆ భాషా వాతావరణం పరాయిది కాకపోయి ఉండాలి. 1938లో మళ్ళీ మన తీరానికి వచ్చారు. విశాఖపట్నంలో ఆంధ్రా సినీటోన్ వారు హిరేన్ బోస్ దర్శకత్వంలో తీసిన "భక్త జయదేవ"లో రెంటచింతల సత్యనారాయణ జయదేవుడు, ఆమె పద్మావతి. సినిమా అంటే బొంబాయో, కలకత్తాయో, మద్రాసో అనుకునే రోజుల్లో మన కోస్తాలో సినిమా తియ్యాలన్న ఆ సాహసంలో కమలాబాయికీ వంతు ఉంది. దాన్ని మనం, ముఖ్యంగా ఈ గోదావరి జిల్లాలవాళ్ళం, ఉత్తరాంధ్ర వాళ్ళం, గర్వంగా చెప్పుకోవాలి.

ఆ తరవాత నాయికల తరం మారింది. పాడగలిగిన వాళ్ళే నటించాలన్న నియమం పోయింది. నేపథ్యగానం వచ్చాక కమలాబాయి తరానికి ఉన్న పెద్ద బలం అక్కర్లేనిదైంది. ఎంత నిశ్శబ్దంగా జరిగిపోయిందో చూడండి ఆ మార్పు. 1951 మార్చిలో "పాతాళభైరవి" వచ్చేనాటికి ఆమె తోటరాముడి తల్లి. సినిమా అంతా మాయ. ఆకాశంలో మేడలు, కోరితే పలికే భైరవి, నేపాళ మాంత్రికుడు. వాటన్నిటి మధ్య కొడుకు ఎప్పుడు ఇంటికొస్తాడా అని చూసే ఒక పేద తోటమాలి తల్లి. ఆమె నిలబడితే ఆ మాయకు ఒక ఊరు, ఒక ఇల్లు దొరికినట్టు ఉంటుంది. అదే ఏడాది "మల్లీశ్వరి"లోనూ ఆమె నటించారు. కథానాయికగా చేసిన మొదటి సినిమాలోని ఆమెను మనం చూడలేం. కానీ ఈ రెండు సినిమాలూ ఉన్నాయి. ఇంటికి వెళ్ళాక "పాతాళభైరవి" పెట్టుకుని, ఈసారి భైరవిని కాక ఆ తల్లిని చూడండి. మాట విరుపు చూడండి. వాక్యం చివరి అక్షరం దాకా గొంతు పడిపోకుండా నిలుపుతారు. అది డేరాలో నేర్చిన విద్య.

ఇంకో విశేషం. "భక్త ప్రహ్లాద" సురభి డేరా నుంచి సినిమాకు వెళ్ళింది. "పాతాళభైరవి" సినిమా పేరు పొందాక సురభి డేరాలోకి వచ్చింది. తీగల మీద ఎగిరే మనుషులు, క్షణంలో మారే తెరలు, నిప్పులు చిమ్మే అస్త్రాలు వారికి కొత్త కాదు గనుక, కెమెరా చేసిన మాయను కెమెరా లేకుండా చేసి చూపించారు. ఇచ్చినదానికి ప్రతిగా పుచ్చుకున్నది ఇదొక్కటే అనిపిస్తుంది నాకు. కమలాబాయి నిలబడింది ఆ ఇచ్చిపుచ్చుకోడాల వంతెన మీద.

మన ప్రాంతం నుంచి ఈ వరసలో నిలిచిన మరో పేరు చెప్పాలి. పెద్దాపురంలో పుట్టి, ఇక్కడికి దగ్గరలోని కాకినాడలో నాటకాలు నేర్చి, సినిమాకు వెళ్ళిన అంజలీదేవి గారు 1967లో ఏవీఎం వారి "భక్త ప్రహ్లాద"లో లీలావతి వేశారు. ఎస్.వి.రంగారావు గారి హిరణ్యకశిపుడి ఎదుట ఆమె నిలిచిన తీరు మనం రంగుల్లో చూశాం. కమలాబాయి అప్పటికి బతికే ఉన్నారు. ముప్పై అయిదేళ్ళ కిందట తాను వేసిన వేషం. ఇద్దరు లీలావతుల మధ్య ఉన్న తేడా గురించి, పోలిక గురించి ఆ రోజుల్లో ఎవరైనా ఆమెను కూచోబెట్టి అడిగి ఉంటే మన నాటక చరిత్రకు ఎంత మేలు జరిగి ఉండేది! 1971లో ఆమె కన్నుమూశారు.

నాటకాన్ని ప్రేమించే హక్కు యానానికి కొత్తగా రాలేదు. చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి గారి బాల్యం గడిచిన ఊరిది. తిరుపతి వెంకట కవుల పాండవ నాటకాల పద్యాలు రానివాడు ఒకప్పుడు కోనసీమలో ఉండేవాడు కాదు. ఫ్రెంచి వారు 1954లో వెళ్ళిపోయారు. దాదాపు అరవై ఏళ్ళ తరవాత, 2013లో, సురభి వారే ఫ్రాన్స్ వెళ్ళి మెట్జ్ నగరంలో తెలుగు నాటకం ఆడివచ్చారు. అదే ఏడాది సురభి నాగేశ్వరరావు గారికి, అందరూ బాబ్జీ అని పిలుచుకునే పెద్దాయనకు, పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయనా వెళ్ళిపోయారు. యాభై సమాజాలు వేళ్ళ మీద లెక్కపెట్టేంతకు వచ్చాయి. శేరిలింగంపల్లిలోని సురభి కాలనీలో ఆ కుటుంబాల పిల్లలు ఉద్యోగాలు చేసుకుంటూ, పిలుపు వస్తే వేషం కడుతున్నారు. వాళ్ళను పిలవవలసింది మనం. సన్మానాలకు కాదు, టిక్కెట్టు కొని చూడటానికి పిలవండి. కనీసం వారం రోజులు ఆడించండి. ఒక్క రాత్రి ప్రదర్శనకు తెరలూ తీగలూ లారీలో తెచ్చిన ఖర్చు కూడా తిరిగి రాదు.

చివరిగా ఒక విన్నపం, ముఖ్యంగా ఇక్కడున్న ఆడవాళ్ళకు, కళాశాల పిల్లలకు. యానాం, ఎదుర్లంక, తాళ్ళరేవు, కాకినాడ, అమలాపురం ఇళ్ళలో పాత ట్రంకుపెట్టెలు ఇంకా ఉన్నాయి. వాటిలో నాటకాల కరపత్రాలు, పద్యాలు రాసుకున్న పుస్తకాలు, వేషంతో దిగిన ఫొటోలు ఉంటాయి. కరపత్రాల్లో మగ నటుల పేర్లు బిరుదులతో సహా పెద్ద అక్షరాల్లో ఉంటాయి, ఆడవేషం దగ్గర చాలాసార్లు పేరే ఉండదు. ఫొటోలు పారేయకండి. వెనక పెన్సిలుతో ఊరు, నాటకం, వేషం రాయండి. ఆ వేషంలో ఉన్న స్త్రీ పేరు తెలిసిన ముసలివాళ్ళు మీ వీధిలో ఇంకా ఒకరో ఇద్దరో ఉంటారు. ఈ వారమే వెళ్ళి అడగండి.